అద్దుడు కాగితం మీద చుక్క

రాబర్ట్ గుత్రీ మొదట్లో పిల్లల జబ్బుల జోలికి పోలేదు. అమెరికాలోని బఫెలో నగరంలో క్యాన్సర్ పరిశోధనలో ఉన్న సూక్ష్మజీవి శాస్త్రవేత్త ఆయన. ఆరుగురు పిల్లలు, అందులో ఒక అబ్బాయికి బుద్ధిమాంద్యం. కారణమేమిటో ఏ డాక్టరూ తేల్చలేకపోయాడు. అలాంటి పిల్లల తల్లిదండ్రుల సంఘంలో తిరుగుతుండగానే 1957లో ఒక డాక్టరు తన ఇబ్బంది చెప్పుకొచ్చాడు: పీకేయూ ఉన్న పిల్లల రక్తాన్ని సులువుగా పరీక్షించే దారేదైనా ఉందా?

పీకేయూ అంటే ఫినైల్‌కీటోన్యూరియా. పాలు, పప్పు, గుడ్డు, మాంసం, వీటి మాంసకృత్తుల్లో ఫినైల్ అలనిన్ అనే పదార్థం ఉంటుంది. కాలేయంలోని ఒక ఎంజైము దాన్ని ఎప్పటికప్పుడు మార్చేస్తుంది. పుట్టుకతోనే ఆ ఎంజైము పనిచేయకపోతే అది రక్తంలో పేరుకుపోయి పసిమెదడును దెబ్బతీస్తుంది. నార్వేలో ఒక తల్లి తన ఇద్దరు పిల్లలను వెంటబెట్టుకుని డాక్టర్ల చుట్టూ తిరిగీ తిరిగీ చివరికి ఆస్బ్యోర్న్ ఫోలింగ్ దగ్గరికి చేరింది. 1934లో ఆయన ఆ పిల్లల మూత్రంలో ఫెర్రిక్ క్లోరైడ్ వేస్తే అది ఆకుపచ్చగా మారింది. జబ్బు బయటపడింది అలాగే. 1950ల్లో ఇంగ్లండ్‌లో హార్స్ట్ బికెల్ బృందం ఫినైల్ అలనిన్ తగ్గించిన ఆహారంతో మేలు జరుగుతుందని చూపించింది.

చిక్కల్లా సమయంతోనే. పుట్టిన కొద్ది వారాల్లోనే పథ్యం మొదలుపెట్టాలి. మూత్రం రంగు మారడానికేమో కొన్ని వారాలు పడుతుంది. జబ్బు తెలిసేసరికి పుణ్యకాలం కాస్తా గడిచిపోయేది. 1958లో గుత్రీ దగ్గరి బంధువుల పాప విషయంలో అదే జరిగింది. పీకేయూ అని తేలేనాటికి పాపకు ఏడాది దాటింది. ఆ తర్వాత ఆయన క్యాన్సర్ వదిలేసి ఈ పనిలోనే దిగిపోయారు.

ఆయన పద్ధతి ఇదీ. పళ్లెంలో పరిచిన జెల్లీలో బాసిల్లస్ సబ్టిలిస్ అనే బాక్టీరియాను, అది పెరగకుండా ఆపే ఒక రసాయనాన్ని కలుపుతారు. ఫినైల్ అలనిన్ ఎక్కువగా దొరికితే ఆ రసాయనం ఆటలు సాగవు. బిడ్డ మడమకు సూది గుచ్చి, ఒక చుక్క రక్తాన్ని అద్దుడు కాగితానికి పట్టించి, ఎండాక చిన్న బిళ్లగా కత్తిరించి జెల్లీ మీద పెడతారు. రాత్రంతా వెచ్చగా ఉంచితే, జబ్బున్న బిడ్డ బిళ్ల చుట్టూ మర్నాటికి బాక్టీరియా వలయంలా పెరిగి ఉంటుంది. వలయం ఎంత పెద్దదైతే రక్తంలో ఆ పదార్థం అంత ఎక్కువన్నమాట.

బాక్టీరియా సంగతి అలా ఉంచితే, అసలు ఘనత కాగితానిదే. సీసా అక్కర్లేదు, ఐసు అక్కర్లేదు, ఎండిన చుక్కను కవరులో పెట్టి పోస్టులో పంపితే చాలు. 29 రాష్ట్రాల్లో సుమారు 4 లక్షల మంది పసికందులను పరీక్షిస్తే 39 మందికి పీకేయూ ఉన్నట్టు తేలింది. 1963లో ఆడా సూసీతో కలిసి గుత్రీ ఈ పద్ధతిని ప్రచురించారు. అదే ఏడు మసాచుసెట్స్ రాష్ట్రం పరీక్షను తప్పనిసరి చేసింది. చట్టంతో డాక్టర్ల మెడలు వంచడమేమిటని వైద్య సంఘాలు గొణిగాయి కూడా.

డబ్బు దగ్గరా పేచీ వచ్చింది. 500 పరీక్షలకు సరిపడే కిట్‌ను గుత్రీ బృందం సుమారు 6 డాలర్లకు తయారుచేసేది. పేటెంటు హక్కు తీసుకున్న కంపెనీ 262 డాలర్లు అడిగింది. గుత్రీ ఊరుకోలేదు, గొడవ వాషింగ్టన్ దాకా పోయింది. కంపెనీకిచ్చిన హక్కు రద్దయింది. తన వంతు రాయల్టీ ఆయన ముందే వదులుకున్నారు.

పీకేయూ లాంటి పుట్టుకతో వచ్చే జబ్బుల్లో చాలావాటికి తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి చొప్పున రెండు లోపభూయిష్టమైన జన్యువులు రావాలి. మేనరికాల్లో అలా కలిసిరావడం ఎక్కువ. మన వైపు ఈ మాట ఇళ్లలో ఇంకా మొహమాటంగానే నడుస్తుంది. హైదరాబాద్‌లోని 4 ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రుల్లో 18,300 మంది శిశువులను పరీక్షించి, రాధా రమాదేవి, నౌషాద్ 2004లో ప్రచురించిన అధ్యయనంలో, పుట్టుకతో వచ్చే జీవక్రియా లోపాలు ఇంచుమించు వెయ్యికొకరిలో కనిపించాయి.

బాక్టీరియా పళ్లేల స్థానంలో ఇప్పుడు మాస్ స్పెక్ట్రోమీటర్లు వచ్చాయి. అదే ఎండిన చుక్కతో పదుల కొద్దీ జబ్బులను ఒకేసారి వెతుకుతున్నారు. అయితే పరీక్షతో పని పూర్తి కాదు. పీకేయూ బిడ్డకు పథ్యం జీవితాంతం సాగాలి. ఆడపిల్ల అయితే గర్భం దాల్చక ముందు నుంచే ఆ కట్టడి ఇంకా గట్టిగా పాటించాలి. లేదంటే, బిడ్డకు పీకేయూ లేకపోయినా, తల్లి రక్తంలోని ఫినైల్ అలనిన్ కడుపులోని బిడ్డ మెదడును, గుండెను దెబ్బతీస్తుంది.