కారులోని కంప్యూటరు నిజముగా చెడినదా?

రేడియో మూగవోయినప్పుడు మనము మొదట ప్లగ్గును చూచెదము, పిమ్మట ఫ్యూజును చూచెదము. లోపలి భాగములను మార్పించుటకు తొందరపడము. కారు విషయమున ఈ ఓర్పు మనకు ఎందుచేతనో ఉండదు. చిన్నకారు త్రోవలో మొరాయించినచో “కంప్యూటరు పోయిందండీ” అను మాట నేడు సులభముగా వినబడుచున్నది. ఆ మాటను వెంటనే నమ్మి మేమొకసారి నష్టపోయితిమి.

ఇంజనును నడపు ఈ కంప్యూటరును మెకానిక్కులు ఈ.సి.యం. అందురు. చూచుటకు చిన్న పెట్టె. పూర్వము కార్బురేటరును, డిస్ట్రిబ్యూటరును చేసిన పనులను ఇదియే చేయును. లోనికి పోవు గాలి ఎంత, ఇంజను వేడి ఎంత, క్రాంకుషాఫ్టు ఏ స్థితిలో ఉన్నది అను సంగతులను సెన్సారుల వలన తెలిసికొని, ఎప్పుడెంత పెట్రోలు చిమ్మవలెనో, ఏ క్షణమున నిప్పురవ్వ పుట్టింపవలెనో నిర్ణయించును. 1983లో వెలువడిన మారుతి 800 కార్బురేటరుతోనే నడచినది. 2000 నాటికి అట్టి కార్లలోను కంప్యూటరు ప్రవేశించినది.

ఈ పెట్టె తనంతట తాను చెడుట అరుదు. లోపలికి నీరు చేరినను, బ్యాటరీ తీగలను తలక్రిందుగా తగిలించినను, బ్యాటరీ ఊడదీయకుండ బాడీకి వెల్డింగు చేసినను చెడవచ్చును. 2020 అక్టోబరులో హైదరాబాదున వలె వరదనీట నానిన కార్లకు మొదటి ప్రమాదము కలదు. ఇట్టి కారణమేదియు కనబడనప్పుడు ముందుగా ఇతర భాగములనే అనుమానింపవలెను.

తాళము త్రిప్పగానే, ఇంజను కదలకముందే, ‘చెక్ ఇంజన్’ దీపము వెలుగవలెను. వెలుగనిచో కంప్యూటరుకు విద్యుత్తు అందుట లేదేమో చూడవలెను. ఫ్యూజు, మెయిన్ రిలే, ఎర్తు తీగ, ఈ మూడును పరీక్షింపక పెట్టెను తాకరాదు. సెల్ఫ్ తిరుగుచుండగా బ్యాటరీ వోల్టేజి 9.6 కంటె దిగరాదు. అదే సమయమున మీటరు ఒక మొనను బ్యాటరీ నెగటివుపైనను, రెండవ మొనను కంప్యూటరు ఎర్తు తీగపైనను ఉంచినచో 0.2 వోల్టుకు మించి చూపరాదు. మించినచో ఎర్తు బోల్టు త్రుప్పు పట్టినదనియో, వదులైనదనియో గ్రహింపవలెను. గరుకుకాగితముతో రుద్ది బిగించినంతనే బాగుపడిన కార్లు కలవు.

స్కానరు విషయమున ఒక భ్రమ కలదు. స్టీరింగు క్రింద ఉండు 16 కాళ్ళ సాకెట్టులో దానిని గ్రుచ్చగానే వెలుగును. దానిని చూచి కంప్యూటరు బ్రతికియున్నదని అనుకొందుము. కాని సాకెట్టులోని 16వ కాలికి విద్యుత్తు బ్యాటరీ నుండియే వచ్చును. కంప్యూటరు బదులు పలికినప్పుడే అది బ్రతికియున్నట్లు. పలుకకున్నను చచ్చినదనుటకు వీలు లేదు. సెన్సారులకు కంప్యూటరు 5 వోల్టుల విద్యుత్తును పంపుచుండును. వానిలో ఒక్కటి షార్టయినను ఆ 5 వోల్టులు పడిపోయి, కొన్ని కార్లలో పెట్టె అంతయు చచ్చినట్లే తోచును. సెన్సారుల ప్లగ్గులను ఒక్కొక్కటిగా ఊడదీయుచు మీటరును చూడవలెను. ఏది ఊడినప్పుడు 5 వోల్టులు తిరిగి వచ్చునో, దోషము ఆ సెన్సారుదో దాని తీగదో అగును. పి0606 వంటి సంకేతము వచ్చినచో కంప్యూటరు తన దోషమును తానే చెప్పుకొనుచున్నదన్నమాట. అయినను బ్యాటరీని, ఎర్తును చూచిన పిమ్మటనే దానిని నమ్మవలెను.

ఇక మా సంగతి. విజయవాడ నుండి ఏలూరు పోవుచుండగా హనుమాన్ జంక్షన్ దాటగానే మా కారు వణకసాగినది. నాలుగు సిలిండర్లలో రెండింట నిప్పురవ్వ లేదు. కంప్యూటరు పోయినదని చెప్పి ఒక మెకానిక్కు క్రొత్తది వేసెను. కారు చక్కగా నడచినది. తొమ్మిదవ నాడు అవే రెండు సిలిండర్లు మరల మూగవోయినవి! వేరొక ముసలి మెకానిక్కు పెట్టెను ముట్టలేదు; ఇగ్నిషన్ కాయిలును మీటరుతో కొలచి, “ఇది లోపల షార్టయిందండీ. ఎన్ని కంప్యూటర్లు వేసినా కాల్చేస్తుంది” అనెను. మొదటివాని మాట అబద్ధము కాదు. కంప్యూటరు నిజముగనే కాలినది. ఎందుకు కాలినదని అతడు అడుగలేదు, మేమును అడుగలేదు. కాయిలు ఖరీదు ఆ పెట్టె ఖరీదులో స్వల్పభాగము.

మార్చుట తప్పనప్పుడు పాత పెట్టెపై చీటీలోని నంబరుతో క్రొత్తదాని నంబరు అక్షరము తప్పక సరిపోవలెను. పనికి పూర్వము బ్యాటరీ నెగటివు తీగను విప్పవలెను. దొంగలనుండి రక్షణకై ఇటీవలి కార్ల తాళములో చిన్న చిప్పు అమర్చబడియున్నది. దానిని క్రొత్త కంప్యూటరుకు స్కానరు సాయమున గుర్తు పట్టింపకున్నచో ఇంజను నడువదు. పాతసామానుల అంగడిలో చౌకగా దొరకు పెట్టెలతో తరచుగా వచ్చు చిక్కు ఇదియే. అవి తమ పాత కారు తాళమునే గుర్తుంచుకొనును. కొనుటకు ముందే, తాళమును జతచేయు పని ఎవరిదో, దాని కూలి ఎంతో మెకానిక్కుతో మాట్లాడుకొనుట మేలు. తీసిన పాత పెట్టెను అడిగి ఇంటికి తెచ్చుకొనవలెను. కొన్నింటిని బాగుచేయువారు కలరు.