ఫహస్ పాసైంది.. మరి ఘాట్ దిగుతుందా?

సౌదీలో సొంత వాహనం నడిపే మనవాళ్లకు ‘ఫహస్’ గురించి కొత్తగా చెప్పనక్కర్లేదు. పాత బండి అయితే ఏటా తనిఖీ కేంద్రానికి తీసుకెళ్లాల్సిందే. అందులో పాసైతేనే ఇస్తిమారా, అంటే మన ఆర్‌సీ లాంటిది, రెన్యువల్ అవుతుంది. పాసైన కాగితం చేతికి రాగానే ‘ఇక ఏడాది దాకా బెంగ లేదు’ అనుకోవడం మామూలే. కారు సంగతి ఎలా ఉన్నా, పదిహేనేళ్లు దాటిన టూరింగ్ బైకు విషయంలో ఆ ధీమా పనికిరాదు.

నేను జెద్దాలోని అల్ అజీజియాలో ఉంటాను. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. నా బండి 2009 మోడల్, 1300 సీసీ. రెండు పక్కలా సామాన్ల పెట్టెలు, ముందు పెద్ద గాలి అద్దం ఉంటాయి. అయిదేళ్ల కిందట సెకండ్‌ హ్యాండ్‌లో కొన్నాను. శుక్రవారం తెల్లవారుజామున నలుగురైదుగురం కలిసి తాయిఫ్ వైపో, యాన్బూ వైపో వెళ్లొస్తుంటాం.

రెండు జాబితాలు

ఉద్యోగ అలవాటు కొద్దీ బండికి జరిగిన ప్రతి పనినీ ఒక పుస్తకంలో రాస్తుంటాను. ఈ అయిదేళ్లలో అయిదు తనిఖీలు జరిగాయి. మూడుసార్లు మొదటి ప్రయత్నంలోనే పాసైంది. ఒకసారి హెడ్‌లైట్ వెలుగు ఎత్తుగా పడుతోందని, మరోసారి వెనక టైరు అరిగిందని తిప్పి పంపారు. ఇదే అయిదేళ్లలో దారి మధ్యలో బండి మూడుసార్లు ఆగిపోయింది. ఒకసారి బ్యాటరీ పోయింది, ఒకసారి రేడియేటర్ ఫ్యాన్ తిరగలేదు, ఇంకోసారి కూలెంట్ పైపు పగిలింది. తనిఖీలో తప్పిన వాటికీ, రోడ్డు మీద ఆపిన వాటికీ ఒక్కటంటే ఒక్కటి కలవలేదు.

ఇందులో తనిఖీ చేసేవాళ్ల లోపమేమీ లేదు. వాళ్లు చూసేది ఒకటి, మనకు కావాల్సింది ఇంకొకటి. ఈ రోజు ఈ బండి రోడ్డు మీదికొస్తే ఇతరులకు ప్రమాదమా అన్నదే తనిఖీ అడిగే ప్రశ్న. నాలుగు వందల కిలోమీటర్లు వెళ్లి క్షేమంగా తిరిగొస్తుందా అన్నది మన ప్రశ్న. బ్రిటన్‌లో మూడేళ్లు నిండిన బండికి ఏటా ఎంఓటీ పరీక్ష తప్పనిసరి. ఇంజిన్, క్లచ్, గేర్‌బాక్స్ పరిస్థితి ఆ పరీక్ష పరిధిలోకి రాదని అక్కడి ప్రభుత్వమే స్పష్టంగా చెబుతుంది. జర్మనీలో బైకులకు రెండేళ్లకోసారి తనిఖీ. మన దేశంలో సొంత బైకు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు చెల్లుతుంది, ఆ తర్వాత తనిఖీ చేయించుకుని అయిదేళ్లకోసారి పొడిగించుకోవాలి. గడువులో తేడాలున్నా, ముందు ముందు బండి ఎలా ఉంటుందో ఏ దేశపు కాగితమూ చెప్పలేదు.

అల్ హదా నేర్పిన పాఠం

జెద్దా సముద్ర తీరం. తాయిఫ్ 1,800 మీటర్లకు పైగా ఎత్తులో ఉంది. మక్కా నగరంలోకి వెళ్లని బయటి దారి పట్టుకుని, అల్ హదా ఘాట్ ఎక్కి అక్కడికి చేరతాం. తిరుమల ఘాట్ మీద బండి నడిపినవాళ్లకు ఆ మలుపుల తీరు అర్థమవుతుంది. కాకపోతే ఇక్కడి ఎత్తు తిరుమలకు ఇంచుమించు రెట్టింపు.

ఆ ఘాట్ దిగుతుండగా ఒకసారి మా బృందంలోని నెల్లూరు మిత్రుడు హెల్మెట్ మైకులో, ‘‘అన్నా, బ్రేకు లీవర్ మెత్తగా దిగిపోతోంది’’ అన్నాడు. వెనక అతని భార్య కూర్చుని ఉంది. గేరు తగ్గించి, ఇంజిన్ పట్టుతో వేగం చంపి, వెడల్పుగా ఉన్నచోట ఆపాడు. అరగంట చల్లారాక లీవర్ మళ్లీ గట్టిపడింది. రెండో గేరులో నెమ్మదిగా కిందికి చేరాం. ఆ బండి ఫహస్ పాసై అప్పటికి 12 రోజులే.

కారణం బ్రేక్ ఆయిల్. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. ‘డాట్ 4’ ప్రమాణం ప్రకారం కొత్త ఆయిల్ కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు. తేమ చేరాక ఆ పరిమితి 155 డిగ్రీలే. ఇద్దరు మనుషులు, సామాన్లతో ఘాట్ దిగుతూ అదేపనిగా బ్రేకు పట్టుకుంటే ఆ వేడికి ఆయిల్ మరిగి బుడగలు పుడతాయి. అప్పుడు లీవర్ నొక్కితే బుడగలే నలుగుతాయి, బండి ఆగదు. తనిఖీలో బ్రేకు పరీక్ష కొద్ది క్షణాల పని, అదీ బ్రేకులు వేడెక్కకముందు. అక్కడ ఈ లోపం బయటపడే అవకాశమే లేదు. జెద్దా లాంటి ఉక్కపోత ఊళ్లో దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు.

మర్నాడు మెకానిక్ ఉస్తాద్ పాత ఆయిల్ తీస్తే టీ డికాక్షన్ రంగులో వచ్చింది. ‘‘కాగజ్ ఠీక్ హై భాయ్, తేల్ ఠీక్ నహీ’’ అన్నాడాయన.

ఇంట్లోనే చూసుకోండి

పాత టూరింగ్ బైకు ఉన్నవాళ్లు తనిఖీతో పనిలేకుండా ఈ నాలుగూ చూసుకోవాలి. బ్రేక్ ఆయిల్ రెండేళ్లకోసారి మార్చాలి, రంగు ముదిరితే ఇంకా ముందే. టైరు పక్క గోడ మీది నాలుగంకెలు చదవాలి. 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైందని అర్థం. గాట్లు బాగున్నా, అయిదేళ్లు దాటితే ఏటా తెలిసినవాళ్లకు చూపించాలి. మల్టీమీటర్‌తో బ్యాటరీ చూడాలి. ఇంజిన్ ఆపి ఉన్నప్పుడు 12.6 వోల్టుల దగ్గర, కాస్త రేజ్ చేసినప్పుడు పద్నాలుగు దరిదాపుల్లో ఉండాలి. నిలబెట్టిన బండి వేడెక్కగానే ఫ్యాన్ తిరుగుతోందో లేదో గమనించాలి, రబ్బరు పైపులు చల్లారాక నొక్కి చూడాలి.

ఫహస్ రోజుకు మాత్రం స్నేహితుడి టైర్లు అరువు తెచ్చి బిగించేవాళ్లూ ఉన్నారు. అలా పాసైన కాగితం పోలీసులకు చూపించడానికి పనికొస్తుందేమో కానీ ఘాట్ మీద ఎందుకూ పనికిరాదు.

ఫహస్ గడువు తేదీ అందరి ఫోన్లలోనూ ఉంటుంది. దానికి సరిగ్గా ఆరు నెలల తర్వాత ఇంకో తేదీ పెట్టుకోండి. ఆ రోజు ఈ నాలుగూ చూసుకోండి. మా బృందంలో ఇప్పుడు అందరం అదే చేస్తున్నాం. ఆ తేదీ దాటినవాళ్లను అల్ హదా వైపు తీసుకెళ్లడం మానేశాం.