మూత్రంలో మంటా? దాచుకోకండి!

“ఏడి సేసినాది డాక్టరమ్మా, అంతే!” శ్రీకాకుళంలో నా దగ్గరకు వచ్చే ఆడవాళ్లలో చాలామంది మొదట చెప్పే మాట ఇదే. ఎండలో తిరిగినందుకో, ఆవకాయ ఎక్కువ తిన్నందుకో వేడి చేసిందనుకుంటారు. సబ్జా నీళ్లు, బార్లీ నీళ్లు తాగి చూస్తారు. చలిజ్వరం పట్టుకున్నాక గానీ ఆసుపత్రి గుర్తుకు రాదు.

కవిటి, సోంపేట, ఇచ్ఛాపురం వైపు నుంచి వచ్చేవారిది ఇంకో బాధ. ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఎన్ని కుటుంబాలను కుంగదీసిందో మనకు తెలియంది కాదు. అక్కడ మూత్రంలో కాస్త మంట పుడితే చాలు, “నాకూ ఆ జబ్బే వచ్చిందేమో”నని గుండె జారిపోతుంది. పెళ్లి కావలసిన పిల్లయితే తల్లి ఆ మాట పొరుగింటికి కూడా పొక్కనివ్వదు. “చీటీ మీద కిడ్నీ అని రాయకండమ్మా, మా గుంటకి సంబంధాలు రావు” అని బతిమాలిన తల్లులున్నారు.

మంట వేరు, ఆ జబ్బు వేరు

మూత్రంలో మంటకు ఎక్కువగా కారణం ఇన్ఫెక్షన్. మన పేగుల్లో ఉండే ఇ.కోలై అనే సూక్ష్మజీవి మూత్రనాళం గుండా మూత్రాశయంలోకి చేరడం వల్ల వస్తుంది. ఆడవాళ్లలో ఈ నాళం పొడవు సుమారు 4 సెంటీమీటర్లే. పైగా మలద్వారానికి దగ్గర. అందుకే మగవాళ్లకన్నా మనకు ఈ బాధ ఎక్కువ. ఇందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. సకాలంలో మందు వాడితే కొద్ది రోజుల్లోనే తగ్గిపోతుంది.

ఉద్దానం జబ్బు అలా కాదు. అది చప్పుడు చేయకుండా వస్తుంది. మంట ఉండదు, చాలాకాలం ఏ బాధా తెలియదు. రక్తంలో క్రియాటినిన్ పరీక్ష చేస్తేనే బయటపడుతుంది. దాని అసలు కారణం ఇంకా తేలలేదు. కాబట్టి మంట వచ్చిందని హడలిపోవద్దు. మంట లేదు కదా అని ఆ ప్రాంతం వారు క్రియాటినిన్ పరీక్ష మానుకోవద్దు. పలాసలో 2023 డిసెంబరులో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమయ్యాయి.

ఎలా గుర్తించాలి?

మూత్రానికి వెళ్లినప్పుడు మంట, వెళ్లొచ్చిన వెంటనే మళ్లీ వెళ్లాలనిపించడం, తీరా వెళ్తే రెండు చుక్కలే రావడం, పొత్తికడుపులో నొప్పి, మూత్రం మడ్డిగా ఉండటం, ఒక్కోసారి రక్తం పడటం... ఇవీ లక్షణాలు. వీటికి తోడు చలితో జ్వరం, నడుముకు ఒక పక్క నొప్పి, వాంతులు ఉంటే ఇన్ఫెక్షన్ కిడ్నీ వరకు పాకిందన్నమాట. అప్పుడు ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి.

గర్భిణులకైతే మంట లేకపోయినా ఇన్ఫెక్షన్ ఉండొచ్చు. వదిలేస్తే నెలలు నిండకుండానే కాన్పయ్యే ప్రమాదం ఉంది. అందుకే గర్భిణులకు మూత్రపరీక్ష తప్పనిసరి. మధుమేహం ఉన్నవారికీ, ముట్లుడిగిన వారికీ ఈ బెడద ఎక్కువ. ముట్లుడిగాక పదే పదే వస్తుంటే లోపల రాసుకునే ఈస్ట్రోజన్ క్రీమును డాక్టరు సూచిస్తారు.

ఉపశమనానికి...

మంట తగ్గించే సిరప్పులు హాయినిస్తాయే తప్ప సూక్ష్మజీవిని చంపలేవు. దానికి యాంటిబయాటిక్ కావాలి. ఏ మందు, ఎన్ని రోజులన్నది డాక్టరు చెప్పాలి. పదే పదే వచ్చేవారికి, గర్భిణులకు మందు మొదలుపెట్టే ముందే మూత్రం కల్చర్ పరీక్షకు ఇవ్వడం అవసరం. మొదట వచ్చేది వదిలేసి మధ్యలో వచ్చే మూత్రాన్ని సీసాలో పట్టాలి. పక్కింటావిడకు పనిచేసిందని అదే బిళ్ల తెచ్చి వేసుకోవద్దు. రెండు రోజులకే నెమ్మదించిందని కోర్సు మధ్యలో ఆపొద్దు. అలా చేస్తే సూక్ష్మజీవి మందుకు లొంగకుండా తయారవుతుంది.

నడుం నొప్పికి మందుల కొట్లో అడిగి తెచ్చుకునే నొప్పి బిళ్లలతో మరీ జాగ్రత్త. అవి కిడ్నీలను దెబ్బతీస్తాయి.

బార్లీ నీళ్లు, మజ్జిగ, చోడి అంబలి, కొబ్బరిబొండాం ఒంటికి మంచివే. అవి మందుకు తోడు మాత్రమే. ఒక్క హెచ్చరిక! కిడ్నీ జబ్బు ఉందని ఇప్పటికే తేలినవారు కొబ్బరినీళ్లు తాగకూడదు. వాటిలో పొటాషియం ఎక్కువ. ఎన్ని నీళ్లు తాగాలో కూడా వారు డాక్టరునే అడగాలి.

రాకుండా చూసుకోవాలంటే...

* దాహం వేసేదాకా ఆగకుండా నీళ్లు తాగండి. నీళ్లు తక్కువగా తాగే అలవాటుండి తరచూ ఈ ఇన్ఫెక్షన్ వచ్చే 140 మంది స్త్రీలపై బల్గేరియాలో జరిగిన అధ్యయనం 2018లో వెలువడింది. రోజుకు లీటరున్నర నీళ్లు అదనంగా తాగినవారిలో ఇన్ఫెక్షన్లు దాదాపు సగానికి తగ్గాయి.
* మూత్రాన్ని బిగపట్టవద్దు.
* మలవిసర్జన తర్వాత ముందు నుంచి వెనక్కి కడుక్కోవాలి. ఆడపిల్లలకు చిన్నప్పుడే నేర్పాలి.
* దాంపత్యం తర్వాత మూత్రవిసర్జన చేయడం మంచి అలవాటు.
* లోపలి భాగాన్ని సబ్బులతో, డెట్టాల్‌తో కడగవద్దు.

నీళ్లు తాగమని చెప్పడం తేలికే. పలాస జీడిపప్పు బట్టీల్లో పొద్దస్తమానం కూర్చుని పనిచేసే అక్కలూ, బస్సుల్లో రోజూ తిరిగే ఉద్యోగినులూ, బడిపిల్లలూ నీళ్లెందుకు తాగరని అడిగితే జవాబొకటే. “తాగితే వెళ్లడానికి చోటెక్కడుందమ్మా?” ఈ ప్రశ్నకు నా మందులచీటీలో జవాబు లేదు. పని ఇచ్చేవారు, బడి నడిపేవారు నీళ్లొచ్చే, తలుపుకు గడియ ఉండే మరుగుదొడ్డి కట్టాలి. అది అడిగి కట్టించుకోవడం మన హక్కు. తల్లుల సమావేశానికి బడికెళ్లినప్పుడు మార్కులతో పాటు ఆ గది తలుపు కూడా ఒకసారి తీసి చూసి రండి.