ఈ-మెయిల్ కాపలాకే కన్నం!

వచ్చిన ప్రతి మూటా విప్పి చూసి లోపలికి పంపమని వాకిట్లో కాపలా మనిషిని పెట్టుకున్నారు. మూటలోని చీటీ చదవగానే ఆ మనిషే దొంగ చెప్పినట్టు ఆడితే? అమెరికాకు చెందిన బారాకుడా కంపెనీ యంత్రాల విషయంలో అచ్చంగా ఇదే జరిగింది.

ఈ-మెయిల్ వెంట వచ్చే ఫైళ్లలో వైరస్ ఉందేమో చూసి ఆపడం ఈ యంత్రాల పని. పెద్ద ఆఫీసులు వీటిని నమ్ముకున్నాయి. కొన్ని ఫైళ్లను ఒకే మూటగా కట్టి పంపితే దాన్ని 'టార్' ఫైలు అంటారు. యంత్రం మూట విప్పి లోపలి ఫైళ్ల పేర్లు చూస్తుంది. చిక్కంతా అక్కడే వచ్చింది. పేరులో దుండగులు ఇమిడ్చిన ఆజ్ఞను యంత్రం పేరుగా చూడక అమలు జరిపింది. ఉత్తరం అందుకున్నవారు దాన్ని తెరవనక్కరలేదు. తనిఖీయే కొంప ముంచింది. ఆ ఉత్తరాలను చెత్త ఉత్తరాల్లా కనిపించేలా కావాలనే రాశారని, ఎవరూ పట్టించుకోకూడదనే ఈ ఎత్తు వేశారని పరిశోధకుల అంచనా.

2022 అక్టోబరు నుంచి సాగిన ఈ చొరబాటును కంపెనీ పసిగట్టింది 2023 మే నెలలో. లోపం సవరించినా లోపల నక్కినవారు వదల్లేదు. చివరకు జూన్‌లో, దెబ్బతిన్న యంత్రాలను తీసేసి కొత్తవి పెట్టుకోవాలని కంపెనీయే చెప్పవలసి వచ్చింది. బాధితులలో ప్రభుత్వ కార్యాలయాలూ ఉన్నాయి.

కాపలాను ఏమార్చడం కొత్తేమీ కాదు. 2004లో 'బేగిల్' వైరస్ తాళం వేసిన జిప్ ఫైలులో వచ్చింది. తాళం తీసే పాస్‌వర్డ్‌ను ఉత్తరంలోనే రాశారు. తాళం ఉన్నందున సాఫ్ట్‌వేరుకు లోపల ఏముందో కనిపించలేదు. మనిషి మాత్రం తెరిచాడు. ఉత్తరంలోని పాస్‌వర్డ్ చదవడం సాఫ్ట్‌వేరు నేర్చుకునేసరికి, దుండగులు దాన్ని బొమ్మగా మార్చి పంపారు.

తాళం ఉన్న ఫైళ్లన్నీ ఆపేద్దామంటే కుదరదు. మన బ్యాంకులు ఖాతా లెక్కలు పంపేదీ చాలావరకు అలాంటి ఫైళ్లలోనే.

కనుక అనుకోని ఫైలు వస్తే, పంపినవారికి ఫోన్ చేసి అడిగాకే తెరవాలి. పాస్‌వర్డ్ అదే ఉత్తరంలో ఉంటే మరీ అనుమానించాలి. ఆఫీసులవారు కాపలా సాఫ్ట్‌వేరుకు వచ్చే సవరణలను వెంటనే వేయించాలి. కాపలా పెట్టుకుంటే సరిపోదు, కాపలానూ కనిపెట్టి ఉండాలి.