పెయ్య దూడ, కోడె దూడ

సంగారెడ్డి పక్క ఊళ్లలో ఆవు ఎదకొస్తే గోపాలమిత్రను పిలిపించి వీర్యం సూది వేయిస్తారు, చూసే ఉంటావు బిడ్డా. ఇప్పుడు పెయ్యలే పుట్టేలా వేరుచేసిన వీర్యం కూడా దొరుకుతోంది. 100 ఈతల్లో 90 దాకా పెయ్యలే! ఎట్లా వేరుచేస్తారంటావా? ఆబోతు వీర్యకణాల్లో సగం ఎక్స్ క్రోమోజోమును, సగం వై క్రోమోజోమును మోస్తాయి. ఎక్స్ అందితే పెయ్య, వై అందితే కోడె. ఎక్స్ పెద్దది కాబట్టి ఆ కణంలో డీఎన్ఏ సుమారు 4 శాతం ఎక్కువ. డీఎన్ఏకు పట్టే రంగు వేసి, కణాలను ఒక్కొక్కటిగా లేజర్ వెలుగులోంచి పంపితే ఎక్స్ ఉన్నది కాస్త ఎక్కువ మెరుస్తుంది. యంత్రం దాన్ని ఏరి పక్కన పెడుతుంది. పుట్టేది పెయ్యా, కోడెనా అన్నది తేల్చడంలో ఆవు ప్రమేయమే లేదు. దాని అండాలన్నిట్లోనూ ఉండేది ఎక్సే. మనుషుల్లోనూ అంతే. కొట్టంలో ఈ మాట నమ్మి డబ్బు కట్టినవాళ్లే, ఇంట్లో రెండోసారీ ఆడపిల్ల పుడితే కోడలిని ఆడిపోసుకుంటుంటే నా ప్రాణం ఉసూరుమంటుంది.

మగ కావాలంటే వై మొత్తం ఉండాలా? అక్కర్లేదు. తర్వాతి కాలంలో హైదరాబాద్‌లోని సీసీఎంబీ పరిశోధన సంస్థకు డైరెక్టరైన లాల్జీ సింగ్ ఈ సంగతి మీద ఎడిన్‌బరోలో పనిచేశారు. రెండు ఎక్స్‌లున్నా మగవిగా పుట్టే చిట్టెలుకలు కొన్ని ఉన్నాయి. కట్లపాము నుంచి తీసిన డీఎన్ఏ ముక్కను ఆనవాలుగా వాడి, ఆ ఎలుకల ఎక్స్ కొసకు వై ముక్క అంటుకుని ఉందని ఆయనా, కెన్ జోన్సూ 1982లో చూపించారు. పాము ఆచూకీ చెప్పడం నాకిప్పటికీ ఆశ్చర్యమే! వైలో ఉండి మగను చేసే అసలు జన్యువు ఎస్ఆర్‌వై 1990లో లండన్ శాస్త్రజ్ఞులకు దొరికింది. మరుసటి ఏడే దాన్ని ఎక్స్ఎక్స్ చిట్టెలుక పిండంలో పెడితే వృషణాలు ఏర్పడ్డాయి.

పిండంలో మొదట ఉండే బీజకోశం వృషణం వైపైనా, అండాశయం వైపైనా మళ్లగలదు. మనిషి పిండానికైతే ఆరేడు వారాలప్పుడు తేలుతుంది. చిట్టెలుకల్లో ఎస్ఆర్‌వై పటాన్‌చెరు ఫ్యాక్టరీ షిఫ్టు సైరన్‌లా కాసేపే పలుకుతుంది, అంతటితో లోపల పని మొదలు. సాక్స్9 అనే జన్యువు మేలుకుంటుంది, కొన్ని కణాలు సెర్టోలి కణాలవుతాయి, అవి విడిచే హార్మోను గర్భసంచి కావలసిన మొలకను కరిగించేస్తుంది.

ఎస్ఆర్‌వై లేకపోతే అండాశయం దానంతటదే వచ్చేస్తుందని చాలాకాలం అనుకున్నారు. కానీ దానికీ సొంత జన్యువులున్నాయి. 2009లో ఎదిగిన ఆడ చిట్టెలుక అండాశయంలో ఫాక్స్ఎల్2 అనే జన్యువును తీసేస్తే, అండం చుట్టూ ఉండే కణాలు సెర్టోలి కణాల్లా మారిపోయాయి. అంటే అండాశయం అండాశయంగా ఉండాలంటే ఆ జన్యువు పెద్దయ్యాక కూడా పనిచేస్తూనే ఉండాలి.