మీకు తెలుసా? ముభావం వేరు, పగ వేరు

పలకరిస్తే ముక్తసరిగా జవాబిచ్చి తల తిప్పుకునే మనిషిని ఇంగ్లీషులో ‘హోస్టైల్’ అనేస్తే అన్యాయమే. ఆ మాటలో పగ ఉంది, ఎదుటివారి మీదికి వచ్చే కయ్యం ఉంది. ‘అన్‌ఫ్రెండ్లీ’ అంటే కలుపుగోలుతనం లేదని మాత్రమే. అంటీముట్టనట్టు ఉండేవారికి ‘అలూఫ్’ సరిపోతుంది. ఇది 16వ శతాబ్దపు ఓడవాళ్ల మాట. గాలికి ఓడ ఒడ్డు వైపు కొట్టుకుపోకుండా, ముక్కును గాలివాలుకు ఎదురుతిప్పి తీరానికి ఎడంగా నడపడమన్నమాట. తర్వాత ఆ ఎడమే మనుషులకూ వర్తించింది. ‘హోస్టైల్’ పుట్టుక ఇంకా ఆశ్చర్యం. దాని మూలం ‘హోస్టిస్’కు లాటిన్‌లో శత్రువని అర్థం, అంతకుముందు పరాయివాడని. అతిథిని పిలిచే ‘గెస్ట్’ కూడా ‘హోస్టిస్’ పుట్టిన వేరు నుంచి వచ్చిందే!