కారు లింకు రాడ్డును ఇంటివద్దనే మార్చుకొనుట

2016లో సూర్యాపేట జిల్లాతోపాటు ఏర్పడిన అనంతగిరి మండలమున, ప్రక్కనున్న కోదాడ ప్రాంతమున సాగర్ ఎడమ కాలువ నీటితో వరి పండును. వరి ఉన్నచోట దమ్ము చక్రములుండును. వాటిని విప్పకుండ ట్రాక్టరును తారు రోడ్డుపై నడిపిన, రోడ్డంతయు గాట్లు పడును. ఆ గాట్లను, కాలువగట్టు బాటలోని గుంతలను మన కార్ల సస్పెన్షను భరింపవలెను. అందులో త్వరగా అరుగు భాగము లింకు రాడ్డు.

మలుపులో కారు ఒక ప్రక్కకు ఒరగకుండుటకు ముందు చక్రముల నడుమ అడ్డముగా ఒక ఉక్కు కడ్డీ ఉండును. దాని కొసను, సాధారణముగా, షాక్ అబ్జార్బరుకు కలుపునదే ఈ లింకు. దీని రెండు చివరల గుండ్రని కీళ్లు, వాటిపై రబ్బరు తొడుగులు ఉండును. తొడుగు చిరిగిన, బురద చేరి కీలు వదులగును. నెమ్మదిగా గతుకులపై పోవునపుడు టకటకమను శబ్దము వినవచ్చును. ఇంజను ఆపి, స్టీరింగు పూర్తిగా త్రిప్పి, చక్రము వెనుక చేయిపెట్టి లింకును కదిపి చూడుడు. చేతికి ఆట తెలిసిన, దానిని మార్చవలెను. కారు మోడలు, సంవత్సరము చెప్పి, రెండు ప్రక్కలకు జతగా కొనుట మేలు.

పనికి సిమెంటు కళ్లము అన్నిటికన్న అనువు. వాన తడిసిన నల్లరేగడిలో జాకీ దిగబడును. హ్యాండు బ్రేకు వేసి, వెనుక చక్రములకు చెక్క మొద్దులు అడ్డుపెట్టి, చక్రపు నట్లను కారు ఎత్తకముందే కొంచెము వదులు చేయవలెను. పిదప ముందుభాగము రెండు ప్రక్కలను ఎత్తి, కారును ఇనుప స్టాండ్లపై నిలుపవలెను. ఒక ప్రక్కనే ఎత్తిన అడ్డ కడ్డీ మెలిపడును. క్రొత్త లింకు రంధ్రములకు అందదు. స్టాండ్లకు బదులు ఇటుకలు పేర్చువారున్నారు. ఇటుక చెప్పకుండ పగులును. స్టాండ్లు లేనివారు ఈ పనికి పూనుకొనరాదు.

ముందురోజు సాయంత్రమే మరలను ఇనుప బ్రష్షుతో శుభ్రపరచి, తుప్పు వదలు నూనె పోసి ఉంచవలెను. నట్టుతోపాటు మరకూడ తిరుగుచుండును గనుక, మర కొసను అలెన్ కీతో పట్టి నట్టును స్పానరుతో త్రిప్పవలెను. అప్పటికిని రానిచో, బ్రేకు గొట్టము తెగకుండ జాగ్రత్తపడి, రంపపు బ్లేడుతో కోయవచ్చును. క్రొత్త లింకుకు క్రొత్త నట్లే వాడుడు. రబ్బరు తొడుగు మెలిపడకుండ బిగింపుడు.

షాక్ అబ్జార్బరు స్ప్రింగు జోలికి మాత్రము పోరాదు. స్ప్రింగు లోపల గట్టిగా అణచబడి యుండును. దాని పై నట్టును ఇంట విప్పినచో అది ఎగిరి ప్రాణము తీయగలదు. అది మెకానిక్కు వద్దనే చేయించవలెను. క్రింది ఆర్మ్ మార్పించినయెడల చక్రముల అలైన్‌మెంటుకూడ చూపవలెను. లింకు మాత్రమే మార్చిన ఆ అవసరము లేదు.

చక్రపు నట్లను ఎదురెదురుగా బిగించి, 50 నుండి 100 కిలోమీటర్లు నడచిన పిమ్మట మరల బిగింపు చూడుడు. శబ్దము ఇంకను పోనియెడల, క్రింది ఆర్మ్ బుష్షులను, బాల్ జాయింటును మెకానిక్కుచే పరీక్షింపజేయుడు.